క్యాసెట్టు పోయింది... కాంట్రా ఉంది!

*టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్‌లు పాతసామాన్ల బండెక్కి చాలా ఏళ్లయింది. ఆ ఆటలు మాత్రం నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఇప్పుడు కంప్యూటర్ల మీద మళ్లీ నడుస్తున్నాయి. హైదరాబాద్‌లోనే తయారై మనమే మరిచిపోయిన ఆటలకు కూడా ఇక అదే దారి. వాటిని బతికిస్తున్నది ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్.*

"అన్నా, ఆ బటన్ ఇడువు! నువ్వు ఒత్తితె నాది దుంకుతలేదు!"

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త ఎడంగా ఓ ఫొటో స్టూడియో. దాని వెనక గదిలో పాత డెస్క్‌టాప్. దసరా సెలవులు కావడంతో అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే కుర్చీని చెరి సగం పంచుకుని కూర్చున్నారు. తెర మీద చొక్కాల్లేని ఇద్దరు సైనికులు, ఒకడిది నీలం ప్యాంటు, ఒకడిది ఎర్ర ప్యాంటు. చెల్లెలి సైనికుడు బ్రిడ్జి మీంచి పడి చచ్చిపోయాడు. అదే చివరి లైఫ్. ఇద్దరి మధ్యా మాటామాటా పెరుగుతుంటే ముందుగదిలోంచి తండ్రి వచ్చాడు. ఆట మొదటికి తీసుకుపోయి, నిలబడే కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. మూడు లైఫ్‌లు ఉండాల్సిన చోట ముప్పై వచ్చాయి.

"నాయినా, నీకెట్ల తెలుసు?"

"నీ అంత ఉన్నప్పుడు నేర్సుకున్న బిడ్డా. మా ఇంట్ల టీవీ గేమ్ యాడిది, దోస్తోళ్ల ఇంట్ల."

ఆ ఆట పేరు కాంట్రా. 1988లో నింటెండో వారి ఎన్‌ఈఎస్ అనే పెట్టె కోసం కొనామీ సంస్థ తెచ్చింది. ఆ పెట్టె ఆ గదిలో లేదు. ఆ తండ్రి దాన్ని జీవితంలో ఎన్నడూ చూడలేదు కూడా.

కొంతకాలంగా ఇళ్లలో గేమ్‌ల గురించి మాట వస్తే డబ్బు గురించే వస్తోంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఆపుతూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. దాంతో 'గేమ్' అంటేనే భయపడే తల్లిదండ్రులు పెరిగారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ అన్ని ఆటలూ ఒక గాటన కట్టేవి కావు. కాంట్రాలో ఎనిమిది స్టేజీలుంటాయి. ఎనిమిదోది దాటితే ఆట అయిపోతుంది. మధ్యలో ప్రకటన రాదు, పైసా అడగదు, రేపు పొద్దున లేచి మళ్లీ రమ్మని ఫోన్ మోగించదు. పిల్లల చేతికి ఏదో ఒక ఆట ఎలాగూ ఇవ్వక తప్పదనుకున్న తల్లిదండ్రుల్లో కొందరు తమ చిన్ననాటి ఆటల వైపు చూస్తున్నది ఇందుకే.

కంపెనీ పేరు తెలియని తరం

1990ల్లో మన జిల్లాల్లో వీడియో గేమ్ ఉన్న ఇల్లు అంటే వీధికి ఒకటి. దాన్ని 'టీవీ గేమ్' అనేవాళ్లం. యాంటెనా వైరు పీకి, ఆ చోట గేమ్ వైరు గుచ్చి, బొమ్మ కుదిరేదాకా నాబ్ తిప్పుతూ కూర్చునేవాళ్లు. ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బీని 'క్యాసెట్' అనేవాళ్లం. అది ఆడకపోతే బయటికి లాగి, కింది అంచున ఉఫ్‌మని ఊది మళ్లీ దింపడం అందరికీ తెలిసిన వైద్యం. క్యాసెట్ మీద 9999999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉండేవి కొన్ని ఆటలే. అవే మారియో, కాంట్రా, డక్ హంట్, బాంబర్‌మ్యాన్, ఒక స్టేజీ నుంచి ఒకసారి, మరో స్టేజీ నుంచి మరోసారి వేరే అంకెతో మళ్లీ మళ్లీ వచ్చేవి.

ఆ పెట్టెల్లో ఎక్కువ భాగం జపాన్ నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కు (ఎన్‌ఈఎస్‌కు జపాన్‌లో ఉన్న పేరు) నకళ్లు. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లతో అమ్ముడయ్యేవి. అసలు తయారీదారు పేరు అట్ట మీద ఉండేది కాదు. అసలు పెట్టెలు కొనే స్తోమత కూడా అప్పట్లో కొద్దిమందికే. 1995లో షా వాలెస్ సంస్థ సెగా మెగా డ్రైవ్‌ను మన దేశానికి తెచ్చినప్పుడు దాని ధర సుమారు 18,000 రూపాయలు. కరువు పనికి, బొంబాయి వలసకు పోయే పాలమూరు ఇంట్లో ఆ డబ్బు సంవత్సరాల తిండి. మనకు నకలు ముందు దొరికింది, అసలు పేరు ఎన్నో ఏళ్ల తర్వాత, ఎమ్యులేటర్ తెరిచినప్పుడు తెలిసింది. అందుకే 'కాపీ' అన్న మాట వినగానే మన దగ్గర జరిగినదాన్ని దొంగతనమని తేల్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అసలు సరుకును అమ్మడానికి మన ఊరిదాకా ఎవరూ రాలేదు.

ఇంట్లో పెట్టె లేనివాళ్లకు బజార్లో కాయిన్ గేమ్ ఉండేది. అక్కడి రాజు 'ముస్తఫా'. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. అందులో పసుపు టోపీ పెట్టుకున్న వీరుడు ముస్తఫా కైరో. హైదరాబాద్ నుంచి జిల్లాల దాకా ఆటకు అతని పేరే స్థిరపడిపోయింది. ఇవాళ కంప్యూటర్‌లో పాత ఆట ఆడాలనుకునే నలభై ఏళ్లవాళ్లలో చాలామంది మొదట వెతికేది దాన్నే.

కంప్యూటర్ కట్టే వేషం

ఎమ్యులేటర్ చేసే పని అర్థం కావడానికి చిరుతల రామాయణం చూసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. పగలంతా నాగలి పట్టిన మనిషే రాత్రి కిరీటం పెట్టుకుని రాముడవుతాడు. అలాగే మామూలు కంప్యూటర్ ఎన్‌ఈఎస్ వేషం కడుతుంది. పాత ఆటలోని ప్రతి ఆదేశం ఆ పాత పెట్టెలోని చిప్‌ను ఉద్దేశించి రాసింది. ఎమ్యులేటర్ ఆ ఆదేశాన్ని చదివి, ఆ చిప్ అయితే ఏం చేసేదో అదే చేసి చూపిస్తుంది. బొమ్మ గీసే చిప్, శబ్దం చేసే చిప్, రిమోట్ బటన్లు, అన్నిటి పాత్రా తనే పోషిస్తుంది. తాను వేరే యంత్రంలో ఉన్నానని ఆటకు తెలియదు.

ఎన్‌ఈఎస్ వేషం కట్టడం ఇప్పుడు తేలిక. దాని ప్రాసెసర్ వేగం సెకనుకు 18 లక్షల చక్రాలకు లోపే, పని చేసుకునే మెమరీ 2 కిలోబైట్లు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. 2000 సంవత్సరంలో వచ్చిన ప్లేస్టేషన్ 2 సంగతి వేరు. దాని ప్రాసెసర్ 294 మెగాహెర్ట్జ్, మెమరీ 32 మెగాబైట్లు. ఇప్పటి లెక్కలో ఇవి చిన్న అంకెలే. కానీ దాని లోపల వేర్వేరు పనుల చిప్‌లు ఒకే సమయంలో పరుగెత్తుతాయి. వాటన్నిటినీ ఒక్క క్షణం తేడా లేకుండా నటించాలి. ఆఫీసు వాళ్లు తీసేసిన కంప్యూటర్‌ను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లో తక్కువకు కొని తెచ్చుకున్న కుర్రాడు దాని మీద పీఎస్2 ఆట తెరిస్తే, మనుషులు నీళ్లలో నడిచినట్టు కదులుతారు, పాట సాగి సాగి వస్తుంది. ఆ కుర్రాడు సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా మార్చి, బొమ్మ నాణ్యత తగ్గించి, ఆట మామూలు వేగానికి వచ్చేదాకా వదలడు. ప్రాసెసర్ అంటే ఏమిటో, గ్రాఫిక్ కార్డు ఏం చేస్తుందో చాలామంది పిల్లలు తరగతి గదిలో కాక ఇలాంటి రాత్రుల్లో నేర్చుకున్నారు.

> పేర్లు, ఏళ్లు
>
> ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో 'మేమ్' విడుదల చేశారు. కాయిన్ గేమ్‌ల కోసం పుట్టిన ఎమ్యులేటర్ అది. ముస్తఫా అందులోనూ నడుస్తుంది.
>
> మన నెట్ సెంటర్లలో 'టెక్కెన్ 3' ఆడినవాళ్లు తెలియకుండానే ఎమ్యులేటర్ వాడినట్టే. ఆ ఆటకు కంప్యూటర్ రూపం అసలు రాలేదు. అది ప్లేస్టేషన్ ఆట.
>
> ప్లేస్టేషన్ 2 కోసం 'పీసీఎస్‌ఎక్స్2' 2002లో తొలిసారి విడుదలైంది. ఆ పెట్టె ఆటల్లో అత్యధికం ఇప్పుడు అందులో నడుస్తాయి.
>
> చేతిలో పట్టే పీఎస్‌పీ కోసం హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో 'పీపీఎస్‌ఎస్‌పీపీ' తెచ్చారు. ఫోన్లలోనూ నడుస్తుంది. యాపిల్ 2024లో తన నిబంధనలు సడలించాక ఐఫోన్లలోకీ వచ్చింది.

ఒక కీబోర్డు, రెండు జతల చేతులు

స్టూడియో గదిలో ఆ పిల్ల అన్నమీద చేసిన ఫిర్యాదు అబద్ధం కాదు. మామూలు కీబోర్డులో ప్రతి బటన్‌కూ విడి వైరు ఉండదు. లోపల అడ్డం వరుసలు, నిలువు వరుసలు అల్లుకుని ఉంటాయి. కొన్ని బటన్లు మూడు నాలుగు కలిపి ఒత్తితే ఏది పడిందో కీబోర్డు తేల్చుకోలేక ఒకదాన్ని వదిలేస్తుంది. అన్న పరుగెత్తుతూ కాల్పులు జరుపుతున్నప్పుడు చెల్లెలి దుంకుడు బటన్ అలా వదిలేసిన బటన్ అవుతుంది. ఒక్కడే ఆడితే ఈ లోపం బయటపడదు. ఇద్దరు ఒకే కీబోర్డుకు చేరినప్పుడు బయటపడుతుంది. మన దగ్గర ఆడేది ఎప్పుడూ ఇద్దరే. వెనక నలుగురు నిలబడి ఉంటారు. తీరిక చేసుకుని బటన్లను వేర్వేరు మూలలకు మార్చుకుంటే కొంత మేలు. యూఎస్‌బీ జాయ్‌స్టిక్ ఒకటి తెచ్చుకుంటే తగవు తీరుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొని, అక్కడికి దగ్గరలోనే ఉన్న ఎంజీబీఎస్ బస్టాండులో నల్లగొండ బస్సో పాలమూరు బస్సో ఎక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది.

ఇంకో సంగతి కరెంటుది. పాత టీవీ గేమ్‌లో కాంట్రా అయినా మారియో అయినా ఎక్కడిదాకా ఆడామో దాచుకునే వీలు లేదు. ఏడో స్టేజీలో ఉండగా కరెంటు పోతే అంతా బూడిద. కోతల కాలంలో మన జిల్లాల్లో పెరిగిన ఏ పిల్లాడికైనా ఆ బాధ తెలుసు. ఎమ్యులేటర్‌లో ఒక్క బటన్ ఒత్తితే ఆట ఉన్నది ఉన్నట్టు, గాల్లో ఉన్న తూటాతో సహా ఫైలుగా నిలిచిపోతుంది. రేపు అదే తూటా దగ్గర మొదలు. మారియో చివరికి రాకుమారిని కాపాడతాడని విన్నవాళ్లే తప్ప చూసినవాళ్లు మా తరంలో తక్కువ. ముప్పై ఏళ్ల తర్వాత ఆ చివరి తెర చూసి పిల్లల్ని పిలిచి చూపించిన పెద్దవాళ్లు నాకు తెలుసు.

పేదరికం మాట వదిలేసి దీన్ని పాత జ్ఞాపకాల ముచ్చటగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలో 49,990 రూపాయలకు వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో 54,990 అయింది. ఒక్కో ఆట వేలల్లో ఉంటుంది. దేవరకొండలోనో, మక్తల్‌లోనో డిగ్రీ చదివే పిల్లాడికి ఉన్నది చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్. ప్రపంచం గొప్పవని చెప్పుకునే పాత ఆటలన్నీ అతను మొదటిసారి ఆడేది అందులోనే. 2016లో జియో వచ్చేదాకా అవి కూడా పెన్‌డ్రైవ్‌లోనో, షాపులో ఎక్కించిన సీడీలోనో చేతులు మారుతూ చేరినవే.

హైదరాబాద్‌లో పుట్టిన హనుమంతుడు

ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయానికి వస్తాను.

2009లో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి కన్సోల్ ఆటగా దానికి పేరు. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడం ఏమిటని అమెరికాలో కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. విమర్శకులూ దాన్ని మెచ్చలేదు. బొమ్మలు మొరటుగా ఉంటాయి, కదలికలు బిగుసుకుపోయి ఉంటాయి. అయినా అది మొదటి అడుగు. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' తెచ్చింది. కబడ్డీ, గాలిపటాలు, గిల్లీ దండా అందులో ఆటలు. గిల్లీ దండా అంటే మన చిర్రగోనె. పాలమూరు ఊళ్లలో చెప్పులు లేని కాళ్లతో ఆడిన ఆటను ప్లేస్టేషన్ మీదికి ఎక్కించింది మన పక్క ఊరివాళ్లే. అదే సంస్థ 2013లో పీఎస్2కు 'డాన్ 2' ఆట కూడా చేసింది. ఆ జనవరిలోనే పీఎస్2 పెట్టెల తయారీ ఆగిపోయిందన్న వార్త ప్రపంచమంతా వచ్చింది.

ఇక ఆ ఆటల గతి ఏమిటి? కొత్త ప్లేస్టేషన్‌లో ఆ డిస్కు పెడితే ఆడదు. పాత పెట్టెలో లేజర్ కన్ను అరిగిపోతుంది, బాగుచేసేవాళ్లు తగ్గిపోతున్నారు. మిగిలింది ఒక్కటే తోవ. పీసీఎస్‌ఎక్స్2 లాంటి ఎమ్యులేటర్. మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఇవాళ ఎవరూ చూడలేరు. దాని ప్రింటును ఎవరూ దాచలేదు. మన తొలి కన్సోల్ ఆటకూ అదే జరగబోతోందా? పుస్తకం అచ్చయితే ప్రతిని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. సినిమాల కోసం పుణెలో 1964 నుంచి ఆర్కైవ్ ఉంది. ఆటలకూ అలాంటి గూడు కావాలి. గేమింగ్, యానిమేషన్ రంగాల కోసం తెలంగాణ 2016లో 'ఇమేజ్' విధానం ప్రకటించింది. కొత్త ఆటలు పుట్టించడంతోపాటు ఇక్కడ పుట్టినవాటిని దాచే పని కూడా ఆ గొడుగు కిందే చేయొచ్చు. ఒక గది, నాలుగు కంప్యూటర్లు, డిస్కులు, ఇద్దరు మనుషులతో మొదలయ్యే పని ఇది.

మన ఒక్కరి గోడే కాదిది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. అలాంటి ఆటల్ని పరిశోధకులు దూరం నుంచి తెరిచి చూసేలా గ్రంథాలయాలకు వీలివ్వమని అడిగితే 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదంది. కొనడానికి దొరకనివాటినీ చూడనివ్వకపోతే ఎవరికి లాభమో నాకు అంతుపట్టదు.

> ఏది తప్పు, ఏది కాదు
>
> ఎమ్యులేటర్ రాయడం, వాడటం తప్పు కాదు. సోనీ, కనెక్టిక్స్ మధ్య నడిచిన కేసులో ఎమ్యులేటర్ తయారీ కోసం ప్లేస్టేషన్ లోపలి ప్రోగ్రామ్‌ను పరిశీలించడం న్యాయమైన వాడకమేనని 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు చెప్పింది. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో చూసి తెలుసుకోవడాన్ని అనుమతిస్తుంది. మీరు కొన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ ఉంచుకోనిస్తుంది.
>
> కొనని ఆట ఫైలును ఎక్కడినుంచో దించుకోవడం మాత్రం ఉల్లంఘనే. తెలిసి నకలు ప్రోగ్రామ్ వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కానప్పుడు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు.
>
> ఇప్పుడు అమ్ముతున్న ఆటల జోలికి పోతే కంపెనీలు ఊరుకోవు. నింటెండో స్విచ్ ఎమ్యులేటర్ 'యూజూ' తయారీదారులు 2024 మార్చిలో 24 లక్షల డాలర్లకు రాజీపడి దాన్ని మూసేశారు.

ఈ విషయంలో నా మనసులో గందరగోళం లేదు. నిన్న వచ్చిన ఆటను ఉచితంగా దించుకుంటే దాన్ని చేసినవాళ్ల కష్టం పోతుంది. అది తప్పే. అమ్మేవాడే లేని ముప్పై ఏళ్ల ఆటనూ అదే సెక్షన్ కింద చూడటం సరికాదు. చట్టంలో ఆ తేడా రావాలి. ఇంకో మాట. ఉచిత ఆటలిస్తామనే చోట్ల వైరస్ అంటించే ఫైళ్లు దండిగా ఉంటాయి. ఆట ఫైలు అని చెప్పి .ఈఎక్స్ఈ ఫైలు చేతిలో పెడితే తెరవొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

8 గళ్లలో తెలుగు అక్షరం

పాత ఆటలేవీ తెలుగులో లేవు. ఎమ్యులేటర్ పుణ్యమా అని ప్రపంచంలో చాలామంది అభిమానులు ఆటల్ని తమ భాషల్లోకి మార్చుకున్నారు. 2006లో జపాన్‌లో వచ్చిన 'మదర్ 3' ఆటకు నింటెండో ఇంగ్లిష్ రూపం తేకపోతే, 2008లో అభిమానులే తెచ్చారు. మనం ఎందుకు చేయలేదు? ఒక కారణం అక్షరం ఆకారంలోనే ఉంది. ఎన్‌ఈఎస్‌లో తెర మీద కనిపించేదంతా 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న చిన్న గళ్లతో పేర్చిందే. వెనకటి దృశ్యానికి ఒకసారికి 256 రకాల గళ్లే దొరుకుతాయి. ఇటుకలు, మబ్బులు, అంకెలు, అక్షరాలు అన్నీ వాటిలోనే సర్దుకోవాలి. ఇంగ్లిష్ అక్షరం ఒక గడిలో హాయిగా కూర్చుంటుంది. తెలుగులో తలకట్టు పైన, వత్తు కింద. 'స్త్రీ' అని రాయడానికి ఎనిమిది చుక్కల ఎత్తు ఏం సరిపోతుంది? రెండు గళ్లు నిలువుగా పేర్చాలి. అలా పేర్చుకుంటూ పోతే గుణింతాలకే గళ్లు అయిపోతాయి.

పీఎస్2, పీఎస్‌పీ ఆటలకు ఈ అడ్డంకి తక్కువ. ఆ ఎమ్యులేటర్లలో ఆటలోని బొమ్మ స్థానంలో మనం గీసిన బొమ్మ పెట్టే వీలుంది. ఆట డిస్కును ముట్టుకోనక్కర్లేదు. పక్కన ఒక ఫోల్డర్‌లో మార్చిన బొమ్మలు పెడితే చాలు. రాతను బొమ్మగా దాచుకున్న ఆటల్లో మెనూ మీది మాటలు తెలుగులో గీసి పెట్టుకోవచ్చు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో కంప్యూటర్లు చదివే పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇంతకంటే మంచిది నేను ఊహించలేను. ఎమ్యులేటర్‌నే రాయాలనుకునేవాళ్లు 'చిప్-8'తో మొదలుపెడతారు. 1970ల నాటి చిన్న ఊహా యంత్రం అది. దానికున్నవి 35 ఆదేశాలు, 4 కిలోబైట్ల మెమరీ. పట్టుబట్టి కూర్చుంటే కొద్ది రోజుల్లో ఆట తెర మీద కదులుతుంది. యంత్రం ఎలా ఆలోచిస్తుందో ఆ కొద్ది రోజుల్లో అర్థమైనంతగా గైడు బట్టీ పడితే అర్థం కాదు.

డిస్కు ఇంట్లో ఉంటే...

'హనుమాన్', 'దేశీ అడ్డా' ఆడిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగస్తులు. వాళ్ల డిస్కులు అటకల మీద, పాత పుస్తకాల పెట్టెల్లో ఉండే ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు అలాంటిది కనబడితే పాతసామాన్ల బండికి వేయకండి. గీతలు పడకుండా, ఎండ తగలని చోట, పెట్టెలో నిలువుగా ఉంచండి. పీఎస్2 డిస్కు మామూలు కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లోనే చదువుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించేది ఒకటి అరువు తెచ్చుకోవాలి. 'ఇమ్‌జ్‌బర్న్' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా తీసి, హార్డ్‌డిస్కులో ఒక ప్రతి, వేరే చోట మరో ప్రతి ఉంచండి. డిస్కుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం, అట్ట కూడా స్కాన్ చేయండి. ఆ ఆట చేసినవాళ్ల పేర్లు చాలాసార్లు వాటిలోనే ఉంటాయి. డిస్కు మరీ గీతలు పడకపోతే మొత్తం పని అరగంటలో అయిపోతుంది.